ఇంకోసారి చెప్పండి

ఎలెన్‌దోల్ అనే కొండ ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళ బొమ్మ ఉన్న కాగితం రొట్టెల దుకాణం పక్క గోడ మీద అంటిస్తారు. పోయిన రోజున ఒకటి, ఆ తరువాత ఏటేటా ఆ తేదీకి ఒకటి. మార్చి నెలలో ఆ గోడ మీద తింకా కాగితం ఉంది. ఒక పొద్దున వెలిచ్క రొట్టె కొనుక్కుని బయటికి వచ్చేసరికి తింకా ముఖం సగం కనపడకుండా దాని మీద కొత్త పోస్టరు వెలిసింది. అందులో ఇద్దరు మగవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని నవ్వుతున్నారు. ఒకడు బొజిదార్ లాజోవ్, ‘జనం గొంతు’ పార్టీ నాయకుడు. రెండోవాడు చకరోవ్.

చకరోవ్‌ని ఎరగని ఇల్లు ఆ దేశంలో లేదు. ఏళ్ళ తరబడి ప్రతి శుక్రవారం టీవీలో మంత్రుల్నీ, అత్తగార్లనీ, లావుపాటి ఆడవాళ్ళనీ, కుంటివాళ్ళనీ వెక్కిరించి జనాన్ని కడుపుబ్బ నవ్వించాడు. రెండేళ్ళ కిందట మేకప్ చేసే అమ్మాయిని చెంప మీద కొట్టాడు. ఎవరో ఫోనులో తీసిన ఆ దృశ్యం ఇంటింటికీ పాకింది. ఛానెల్‌వాళ్ళు సాగనంపారు. కొన్నాళ్ళు జనం ఛీ అన్నారు. తరువాత అదే జనం, పాపం ఒక్క దెబ్బకి ఇంత శిక్షా అన్నారు. ఆ పాపం అన్న మాట లాజోవ్ చెవిన పడింది. పట్నం పెద్దలకి మన నవ్వంటే కూడా గిట్టదంటూ చకరోవ్‌ని వెంటేసుకుని కొండ ఊళ్ళన్నీ తిరగడం మొదలుపెట్టాడు.

వెలిచ్కకి ఆ చెంపదెబ్బ సంగతి కాదు గుర్తున్నది. ఏడేళ్ళ కిందట ఆర్దా నది వంపు దగ్గర కుట్టు ఫ్యాక్టరీ బస్సు లోయలోకి దొర్లి నదిలో పడిపోయింది. టైర్లు అరిగిపోయాయని డ్రైవరు చెబుతూనే వచ్చాడు, యజమాని వింటూనే వచ్చాడు. తొమ్మిది మంది ఆడవాళ్ళు పోయారు. వెలిచ్కతో కలిసి కుట్టుపని చేసే తింకా వాళ్ళలో ఒకతె. వెలిచ్క వెనక అద్దంలోంచి బయటపడింది, తుంటి విరిగింది. ఆ వారమే చకరోవ్ ఆ బస్సు మీద ఒక జోకు వేశాడు. ఆసుపత్రి మంచం మీద పడుకుని వెలిచ్క దాన్ని విన్నది. పక్క మంచం ఆవిడ ముందు నవ్వి, తరువాత ఇటు చూసి ముఖం తిప్పుకుంది. ఆ జోకుకి అతన్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు. తప్పని అన్నవాళ్ళు కూడా లేరు.

ఆమె పోస్టరు అంచు గోటితో లేపి, నెమ్మదిగా పీకి, మడిచి సంచిలో పెట్టుకుంది. అక్కణ్ణించి నేరుగా సాంస్కృతిక భవనానికి వెళ్ళింది. తింకా మొగుడు దామ్యాన్ అక్కడ సభ కోసం కుర్చీలు సర్దుతున్నాడు. ఊళ్ళో లాజోవ్ పార్టీ పనులన్నీ అతనే చూస్తాడు.

“తింకా మీద అంటించారు, చూశావా?” అంది వెలిచ్క.

“కుర్రాళ్ళు చూసుకోలేదులే. నేను చెబుతాను.” దామ్యాన్ ఆమె వైపు చూడకుండానే మరో కుర్చీ లాగాడు. “ఆదివారం గొడవ పెట్టుకోకు వెలిచ్కా. ఆ వంపు దగ్గర రోడ్డు వెడల్పు చేయించి, అంచున ఇనప కంచె వేయిస్తానన్నాడు లాజోవ్. నాకు ఇంకేం అక్కర్లేదు.”

“వేయించనీ. రోడ్డు వేసేవాడికి ఈ విదూషకుడు దేనికి?”

“ఒక్కడే వస్తే వినడానికి ఎవరొస్తారే?”

“ఆ జోకు నీకు గుర్తుందా అసలు?”

దామ్యాన్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ వారం ఇంట్లో టీవీ పెట్టలేదని, జోకు వేశాడని అందరూ అన్నారే కానీ ఏం అన్నాడో ఎవరూ చెప్పలేదని, తనూ అడగలేదని అన్నాడు. వెలిచ్క కూడా చెప్పలేదు. చెప్పాల్సిన నోరు తనది కాదనుకుంది.

ఆదివారం భవనం కిక్కిరిసింది. పక్క ఊళ్ళ నుంచి కూడా బస్సుల్లో వచ్చారు. చకరోవ్ కాస్త ఒళ్ళు చేశాడు, జుట్టు పలచబడింది, కానీ వేదిక ఎక్కగానే పాత మనిషే. సర్కారు మీద రెండు, పెళ్ళాల మీద నాలుగు వేసేసరికి హాలు దద్దరిల్లింది. మేకప్ అమ్మాయి సంగతి కూడా తనే ఎత్తి, “దోమని కొట్టబోయానండీ, కోర్టులో దోమ సాక్ష్యం చెల్లదన్నారు,” అన్నాడు. దానికి మరీ నవ్వారు. లాజోవ్ కళ్ళు తుడుచుకుంటూ, ఇలాంటి మనిషి నోరు నొక్కేశారు, రేపు మీ నోరు నొక్కుతారు అన్నాడు. తరువాత ఎవరైనా ఏమైనా అడగొచ్చన్నారు. మైకు పట్టుకుని వరసల మధ్య తిరుగుతున్నది దామ్యాన్.

వెలిచ్క ముందు వరసలోంచి లేచి చెయ్యి చాచింది. దామ్యాన్ ఒక క్షణం తటపటాయించి మైకు ఇచ్చాడు.

“చకరోవ్ గారూ, మా ఊరి బస్సు మీద మీరు ఒక జోకు వేశారు. అది చెప్పండి.”

చకరోవ్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. ఎన్నో వేశాను, అన్నీ గుర్తుంటాయా అమ్మా అన్నాడు. దాని సంగతేమిటో లాజోవ్‌కి తెలియదు. జనం అడిగింది కాదంటే బాగుండదని మాత్రం తెలుసు. “చెప్పవయ్యా, ఇక్కడ నిన్ను ఆపేవాళ్ళు లేరు,” అని వీపు తట్టాడు. పక్క ఊళ్ళవాళ్ళు చప్పట్లు కొట్టారు. చకరోవ్‌కి ఇక దారి లేకపోయింది.

“మా ఆవిడ ఎండలు ముదిరితే చాలు, సముద్రానికి తీసుకెళ్ళమని ప్రాణం తోడేస్తుంది,” అన్నాడు, కొంచెం తొందరగా. “ఎలెన్‌దోల్ మొగుళ్ళది అదృష్టం. అక్కడ ఫ్యాక్టరీ ఓనరే ఆడవాళ్ళని స్నానానికి తీసుకెళ్ళాడు. తిరుగు టిక్కెట్టు ఖర్చు కూడా మిగిల్చాడు.”

వెనక నుంచి నవ్వు వచ్చింది. చిన్న నవ్వేం కాదు. ముందు వరసల్లో కూడా ఇద్దరు ముగ్గురు అలవాటు కొద్దీ నవ్వి నోరు మూసుకున్నారు. దామ్యాన్ వరసల మధ్య నిలబడి ఉన్నాడు.

“వెనకవాళ్ళకి సరిగ్గా వినపడలేదు,” అంది వెలిచ్క. “ఇంకోసారి చెప్పండి.”

“ఒకసారి చెప్పాను కదమ్మా.”

“నేను ఆ బస్సులోనే ఉన్నాను. నాకోసం ఇంకోసారి చెప్పండి.”

లాజోవ్ వేదిక మీద నుంచి మైకు తీసుకోమని దామ్యాన్‌కి సైగ చేశాడు. దామ్యాన్ చూశాడు. చూసి, కదల్లేదు. లాజోవ్ ఈసారి పేరు పెట్టి పిలిచాడు.

“ఆవిడ అడిగింది చెప్పనివ్వండి,” అన్నాడు దామ్యాన్. మైకు అతని దగ్గర లేకపోయినా ఆ మాట అందరికీ వినపడింది. “నేను మొదటిసారి వింటున్నాను. నాకూ సరిగ్గా అర్థం కాలేదు.”

చకరోవ్ మళ్ళీ మొదలుపెట్టాడు. సముద్రం దాకా వచ్చి ఆగాడు. నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. లాజోవ్ మనుషులు పాటలు పెట్టేశారు. జనం ఒకరినొకరు చూసుకోకుండా బయటికి నడిచారు.

మర్నాటికి ఆ దృశ్యం ఫోన్లలో తిరిగింది. ఎవరో డబ్బిచ్చి పంపిన ముసల్దని రాశారు. నదిలో మిగిలిన పని పూర్తిచేసి రమ్మని కూడా ఒకడు రాశాడు. ఊళ్ళో కూడా, రోడ్డు వచ్చేదాన్ని చెడగొట్టిందని కొందరు ముఖం తిప్పుకున్నారు. ఫ్యాక్టరీలో పక్క మిషను మీద కుట్టే స్తోయ్నా, ఇక చాలు వదినా, అతనెలాగూ పరువు పోయినవాడే కదా అంది.

“పరువు పోయింది ఆ పిల్లని కొట్టినందుకు,” అంది వెలిచ్క, దారం పళ్ళతో తెంపుతూ. “మనవాళ్ళ సంగతి ఇంకా మిగిలే ఉంది.”

లాజోవ్ తరువాతి సభ కింద లోయలోని ఊళ్ళో పెట్టాడు. వెలిచ్క సెలవు పెట్టి వెళ్ళింది, ముందు వరసలో కూర్చుంది, అదే అడిగింది. ఆ తరువాతి ఊళ్ళో మైకు ఇవ్వలేదు. గొంతెత్తి అడిగింది. నాలుగో ఊళ్ళో గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆమె మెట్ల మీద నిలబడింది. ఆ ఊళ్ళో కుట్టుపని చేసే ఆడవాళ్ళు కొందరు, తమ ఫ్యాక్టరీ బస్సూ అలాంటిదేనని చెప్పి, వచ్చి పక్కన నిలబడ్డారు. దామ్యాన్ తన పాత కారులో అందరికీ బానిత్స అనే జున్ను రొట్టెలు, టీ ఫ్లాస్కులు తెచ్చాడు. పార్టీ బిళ్ళ కోటు మీద లేదు.

సభ ముందు చకరోవ్ సిగరెట్టుకని పక్క తలుపులోంచి వచ్చి వెలిచ్కని చూశాడు. పారిపోకుండా దగ్గరికే వచ్చాడు.

“ఏం కావాలక్కా నీకు? కెమెరా ముందు క్షమాపణ చెప్పాలా? చెబుతాను, ఇప్పుడే పిలుస్తాను.”

“కెమెరాకి ఎందుకు చెప్పడం? దామ్యాన్ అక్కడే ఉన్నాడు. వెళ్ళి చెప్పండి.”

చకరోవ్ కారు వైపు చూశాడు. ఆ జోకు తను రాయలేదని, రాసేవాళ్ళు వేరే ఉండేవారని, తను చదివాననీ మెల్లగా అన్నాడు. జనం నవ్వారు, నవ్విన చోటికల్లా తను పోయాడు. పట్నంలో ఇప్పుడు తనని చూసి పక్కకి తప్పుకుంటున్నారు, ఈ కొండల్లో తప్ప పిలిచేవాడు లేడు అన్నాడు.

“ఫ్యాక్టరీలో మిషన్ల చప్పుడులో కూడా ఫోనులో మీ గొంతు పెట్టుకుని నవ్వేదాన్ని నేను,” అంది వెలిచ్క. “తింకా మీ మాటలు అచ్చం మీలాగే అనేది. కోపం కొద్దీ వచ్చాననుకోకండి. అతని ముందు నిలబడి అది జోకో కాదో చెప్పండి. అప్పటిదాకా మీరు ఏ ఊరెళితే నేనూ ఆ ఊరొస్తాను. కుంటుకుంటూనైనా వస్తాను.”

చకరోవ్ సిగరెట్టు నలిపేసి కారు వైపు నాలుగడుగులు వేశాడు. దామ్యాన్ ఫ్లాస్కు మూత పెట్టి నిటారుగా నిలబడ్డాడు. అంతలో లోపల నుంచి లాజోవ్ మనిషి కేకేశాడు. చకరోవ్ ఆగి, వెనక్కి తిరిగి, అదే పక్క తలుపులోంచి లోపలికి పోయాడు.

ఆ వారంలోనే పోస్టర్ల మీద లాజోవ్ ఒక్కడే మిగిలాడు. సభల్లో రోడ్ల గురించి కన్నా బస్సు గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నారని అతను విసుక్కున్నాడట. ఎన్నికల్లో గెలిచాడు మాత్రం. ఎలెన్‌దోల్‌లో కూడా అతనికి వోట్లు పడ్డాయి, అనుకున్నన్ని కాదు. చకరోవ్ ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో జోకులు వేస్తాడు. చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు.

పదవిలోకి వచ్చాక లాజోవ్ జిల్లా కేంద్రంలో జనాన్ని కలవడానికి ఒక రోజు పెట్టాడు. ఆ పొద్దున దామ్యాన్ కారు వెలిచ్క వాకిట్లో ఆగింది. వెనక సీట్లో కుట్టుపని ఆడవాళ్ళు ముగ్గురు ఇరుక్కుని కూర్చున్నారు. వంపు దగ్గర వెడల్పు చేయిస్తానన్న రోడ్డు సంగతి ఎవరు అడగాలన్న చర్చ దారి పొడుగునా సాగింది. లోపలికి పిలిచినప్పుడు వెలిచ్క వెనక నిలబడి, దామ్యాన్‌ని ముందుకి తోసింది. లాజోవ్ అతన్ని గుర్తుపట్టి చెయ్యి చాచాడు. దామ్యాన్ ఆ చెయ్యి అందుకోకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.