పక్క ప్లాటులో చుక్కల పెట్ట

సరోజమ్మ కంటి ఆపరేషను కోసం సంగారెడ్డిలో తమ్ముడింటికి వెళ్తూ తన కోళ్లను జయంతికి అప్పజెప్పింది.

జయంతి, వెంకట్ హఫీజ్‌పేటలో ఆవిడ ఇంటి ముందు వాటాలో అద్దెకుంటున్నారు. వచ్చి ఏడాది కూడా కాలేదు. వెంకట్ మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖులు తప్పు చదువుతాయని వాళ్లకు ఒకటే హడావుడి. పొద్దున్నే ఆఫీసు బస్సెక్కితే దీపాలు పెట్టాక గానీ ఇల్లు చేరడు. పగలంతా ఇంట్లో జయంతి, వెనక వాటాలో సరోజమ్మ, పెరట్లో ఆవిడ కోళ్లు. అంతే.

"పిన్నిగారూ, నాకు కోళ్ల సంగతి బొత్తిగా తెలీదండీ," అంది జయంతి. అబద్ధం కాదు. తణుకులో వాళ్ల పుట్టింట కోడిగుడ్డు గడప దాటి లోపలికొచ్చిన రోజు లేదు.

"ఏమున్నదే బిడ్డా దాంట్ల! పొద్దుగాల గూడు తెరువు. గిన్ని నూకలు చల్లు, నీళ్లు పెట్టు. పొద్దూకితె అవే వచ్చి గూట్ల కూసుంటయి. తలుపు మాత్రం గట్టిగ బిగియ్యాలె. ఈడ జంగపిల్లి తిరుగుతది." సరోజమ్మ తన కాళ్ల దగ్గర తిరుగుతున్న నల్లటి పెట్టను ఎత్తుకుంది. దాని ఒంటి నిండా తెల్లటి చుక్కలు. "గిది నా బిడ్డ లెక్క. దీన్ని జర మంచిగ చూడు."

మొదట్లో జయంతి వంటింటి గుమ్మంలో నిలబడి, నూకలు దూరం నుంచే విసిరేది. పుంజు రెక్కలు విదిలించుకుంటూ మీదికొస్తే గొడుగు అడ్డం పెట్టుకునేది. గూట్లో పెట్టిన గుడ్లను పాత తువ్వాలుతో పట్టుకుని తీసి, సందు చివర భాగ్యమ్మ కిరాణా కొట్లో ఇచ్చేసి వచ్చేది. తర్వాత్తర్వాత గొడుగు అవసరం లేకపోయింది. "బ్బ బ్బ బ్బ" అని పిలిస్తే ఎక్కడెక్కడివో పరుగెత్తుకుంటూ వచ్చి చుట్టూ మూగేవి. ఏ పెట్టకు తిండి మీద ఆబ, ఏది దేన్ని పొడిచి తరిమేస్తుంది, ఏది అన్నిటికంటే ఆఖర్న గూట్లోకి వెళ్తుంది, ఇవన్నీ వెంకట్‌కి అన్నం వడ్డిస్తూ చెప్పడం అలవాటైపోయింది.

ఒక సాయంత్రం గూడు మూయబోతే చుక్కల పెట్ట లేదు.

సన్నగా వాన పడుతోంది. జయంతి కొంగు నెత్తిన కప్పుకుని పెరడంతా వెతికింది. బొప్పాయి చెట్టు కింద చూసింది, నీళ్ల తొట్టి వెనక చూసింది, సందులోకి వెళ్లి చూసింది. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. ప్రహరీ గోడ పక్కన తడి మట్టిలో రెండు మూడు చుక్కల ఈకలు కనిపించాయి. వంగి వాటిని ఏరుకుంది. జంగపిల్లి, అనుకుంది.

"కోడే కదా జయా," అన్నాడు వెంకట్ ఆ రాత్రి అన్నం దగ్గర. "సరిగ్గా అలాంటిదే ఇంకోటి ఎక్కడో వెతికి తెచ్చిపెడదాం. ఆవిడ కంటికి కట్టు ఉంటుంది, ఏం తెలుస్తుంది?"

"కట్టు విప్పాకండీ?"

వెంకట్ మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు భాగ్యమ్మ సందు చివర నుంచి కేకేసింది. "ఓ జయంతమ్మా! సరోజమ్మ ఫోను! జల్ది రా!"

ఆ కాస్త దూరం నడిచేలోపు జయంతి ఎన్ని మాటలో కూర్చుకుంది. అన్నీ బాగున్నాయండీ అనేస్తే ఈ పూటకు గడిచిపోతుంది. ఆపరేషనైన మనిషి, కంగారు పెట్టకూడదు కూడా. తీరా రిసీవరు చెవిన పెట్టుకునేసరికి, "పిన్నిగారూ, చుక్కల పెట్ట పోయిందండీ," అని బయటికొచ్చేసింది. వెనకే ఏడుపూ వచ్చింది. వెతికిన చోట్లన్నీ చెప్పింది, ఈకల సంగతి చెప్పింది.



"పోకముందు అది ఎట్లున్నది?" అంది సరోజమ్మ. "దగ్గరికి పోతె బొచ్చు ఉబ్బిచ్చి కొర్రుమన్నదా?"

"అవునండీ. నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నాను."

"గుడ్లు గూట్ల పెడుతుండెనా?"

"అది పెట్టడం మానేసి చాలా రోజులైందండీ. మిగతావే పెడుతున్నాయి."

సరోజమ్మ ఫోనులోనే నవ్వింది. "అరె పిచ్చి పిల్లా! అది యాడనో సాటుకు గుడ్లు పెట్టుకున్నది. ఇగ పొదగ కూసున్నది, మూడు వారాలకు పిల్లలైతయి. ఈకలంటవా, ఊకెనే రాలుతయి. రోజుకొక్కపారి మేతకు బయటికొస్తది సూడు. గప్పుడు దాని ఎంబడి పో, దానికి తెల్వకుంట. ఫికర్ చెయ్యకు."

జయంతికి ఒక్కసారిగా ఊపిరాడింది. కానీ కళ్లారా చూస్తే గానీ మనసు కుదుటపడేలా లేదు.

మర్నాడు మధ్యాహ్నం దాకా వెనక మెట్ల మీదే కూర్చుంది. బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు చేట ఒళ్లో పెట్టుకుంది గానీ, చూపంతా గోడ మీదే. ఎండ కాస్త వాలుతుండగా చుక్కల పెట్ట గోడ మీంచి దబ్బున పెరట్లోకి దూకింది. ఎన్నాళ్లో తిండి ఎరగనట్టు నూకలు గబగబా మింగింది. నీళ్లు తాగింది. బొప్పాయి మొదట్లో పొడి మట్టి చూసుకుని రెక్కలారా పొర్లింది. జయంతి లేవబోతే ఏమీ ఎరగనట్టు అటూ ఇటూ గడ్డి గీకుతూ కాలక్షేపం చేసింది. ఆమె తల తిప్పుకోగానే గోడెక్కి అవతలికి మాయమైంది.

అవతల ఖాళీ ప్లాటులో ఎవరిదో కొత్త ఇల్లు లేస్తోంది. జయంతి వీధి గుండా చుట్టూ తిరిగి అక్కడికి పరుగెత్తింది. ఇసక గుట్ట పక్కన సెంట్రింగు చెక్కలు పేర్చి, పైన నీలం పరదా కప్పి ఉన్నాయి. మోకాళ్ల మీద వంగి చెక్కల సందులోకి చూసింది. చీకట్లో రెండు కళ్లు మెరిశాయి. చుక్కల పెట్ట పళ్లెంలా నేలకు అతుక్కుపోయి కూర్చుని ఉంది. ఆమెను చూసి కొర్రుమంది.

"బతికే ఉన్నావా తల్లీ!" అంటూ జయంతి ఆ ఇసక మీదే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"ఏందమ్మా, ఏమైంది?" మేస్త్రి మొగిలి తాపీ పట్టుకుని వచ్చాడు. ఆమె చూపిస్తే వంగి చూసి తల గోక్కున్నాడు. "అరెరె. రేపు పొద్దుగాల ఈ చెక్కలన్ని లేపాలె గదా. సెంట్రింగోళ్లు తెల్లారంగనె వస్తరు."

"మూడు వారాలు ఆగలేరా అన్నా?"

"మూడు వారాలా! ఓనరు నన్ను బతకనిస్తడా?" అన్నాడు మొగిలి. మళ్లీ అతనికే జాలేసినట్టుంది. "ఇయ్యాల మాత్రం ఎవ్వర్ని ముట్టనియ్య. రాత్రిలోపు తీస్కపోండ్రి."

జయంతి భాగ్యమ్మ కొట్టుకు వెళ్లి సరోజమ్మకు ఫోను చేసింది.

"ఎలుగుల తియ్యకు, మళ్ల కూసోదు," అంది ఆవిడ. "మసక పడ్డంక తియ్యాలె. గంపల ఇసక పొయ్యి, మీద గడ్డి పరువు. ముందుగాల గుడ్లు, ఎన్క కోడి. నువ్వే తియ్యాలె బిడ్డా. ఎరగని మనిషి ముట్టుకుంటె అది బెదురుతది."

ఆ రోజు అదృష్టం కొద్దీ వెంకట్ పెందరాళే వచ్చాడు. టార్చిలైటుకు రుమాలు చుట్టి, వెలుగు తక్కువ చేసి పట్టుకున్నాడు. మొగిలి పై చెక్కలు చప్పుడు కాకుండా పక్కకు జరిపి తప్పుకున్నాడు.

జయంతి తువ్వాలు తెచ్చుకుంది గానీ, అది చుట్టుకుంటే గుడ్లు చేతికి తెలియవు. పక్కన పడేసి ఉత్త చెయ్యి పెట్ట కిందికి పోనిచ్చింది. అక్కడ అంత వేడి ఉంటుందని ఆమె అనుకోలేదు. జ్వరం వచ్చిన పిల్ల ఒళ్లులా ఉంది. పెట్ట మణికట్టు మీద టపీమని పొడిచింది. "సరే, పొడువు. నీ పిల్లల కోసమే," అంటూ ఒక్కొక్క గుడ్డూ తీసి గంపలో పేర్చింది. ఆఖర్న పెట్టను రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకుంది. చూపులకు అంత ఉన్నా ఎత్తితే ఎంత తేలికో! దాని గుండె తన అరచేతిలో కొట్టుకుంటున్నట్టుంది.

మెట్ల కింద సామాన్ల గదిలో గంప దించి, పెట్టను గుడ్ల మీద కూర్చోబెట్టారు. అది వెంటనే లేచి బయటికి దూకింది. మూలకు పోయి గోడవైపు తిరిగి గొణగడం మొదలుపెట్టింది.

"ఏవండీ, గుడ్లు చల్లారిపోతాయి," అంది జయంతి.

"మనం ఇలా నెత్తిన నిలబడితే అదెలా కూర్చుంటుంది? రా," అని వెంకట్ ఆమెను బయటికి తెచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

ఆ రాత్రి ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు. కోడి కుదురుకోకపోతే అన్నీ పాడైనట్టే. తెల్లవారగానే వెళ్లి తలుపు వేలెడంత తెరిచి చూసింది.

చుక్కల పెట్ట గంప నిండా పరుచుకుని కూర్చుని ఉంది. ఒక గుడ్డు అంచున బయటికి కనిపిస్తుంటే ముక్కుతో లోపలికి లాక్కుంది. జయంతి తలుపు మూసి, దానికే వీపు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడిపోయింది. పక్క ప్లాటులో చెక్కలు లేపుతున్న చప్పుడు అప్పుడే మొదలైంది.

ఆ తర్వాత పని తేలికే. గది గుమ్మంలో నూకలు, మూకుట్లో నీళ్లు. పెట్ట రోజుకోసారి బయటికొచ్చి, పెరట్లో ఒక చుట్టు తిరిగి, తనంతట తనే గంపలోకి వెళ్లిపోయేది.

సరోజమ్మ నల్లద్దాలు పెట్టుకుని ఆటో దిగిన వారానికే గంపలోంచి కిచకిచలు వినిపించాయి. కొన్ని గుడ్లు పిల్లలు కాలేదు. అయినవి మాత్రం మర్నాటికి తడారి, దూది ఉండల్లా తల్లి రెక్కల కిందనుంచి తలలు బయటపెట్టాయి. జయంతి ఒకదాన్ని తీసి సరోజమ్మ చేతిలో పెట్టింది.

"ఇది తల్లి పోలికేనండీ. నెత్తి మీద తెల్ల మచ్చ."

సరోజమ్మ దాన్ని చెంపకు ఆనించుకుంది. "కోడి పోయిందని ఫోన్ల చెప్పినప్పుడు గంతగనం ఏడ్చినవెందుకే? నేనేమంటననుకున్నవు?"

"ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమో అనుకున్నానండీ."

"కోడి కోసమా!" సరోజమ్మ నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు చేత్తో పట్టుకుంది. "నవ్వియ్యకే బిడ్డా, కన్ను అదురుతది. డాక్టరు తిడతడు."

జయంతి కూడా నవ్వింది. ఆ మధ్యాహ్నం తన వాటాలో చాప పరుచుకుని పడుకుంటే, వెంకట్ ఆఫీసు బస్సు దిగి తలుపు తట్టేదాకా మెలకువ రాలేదు.