ఎల్లేశం చివరి మాటలు

జగిత్యాల పొలిమేరలో మా లూథరన్ సెమినరీ. పొద్దున ఐదింటికి ప్రార్థన, తర్వాత గ్రీకు, మధ్యాహ్నం నీళ్ళలాంటి పప్పుచారు, సాయంత్రం వాలీబాల్. మూడో సంవత్సరంలో రోగుల దగ్గర శిక్షణ ఉండేది. దవాఖానలో ఒక రోగి పక్కన కూర్చుని మాట్లాడాలి. గదికి వచ్చాక ఇద్దరం అనుకున్న ప్రతి మాటా ఉన్నదున్నట్టు, వరసగా నంబర్లు వేసి రాయాలి. ఎవరి నివేదిక బాగుంటే వాళ్ళకు చెన్నైలో ఆరు నెలల పై శిక్షణ. ఆ ఒక్క సీటు కోసం పదకొండు మందిమి రోగుల మీద గద్దల్లా వాలాం. కాబోయే పాస్టర్లం మరి.

నాకు సిరిసిల్లలో ఒక చిన్న దవాఖాన ఇచ్చారు. రోగి పేరు ఎల్లేశం. ముప్పై ఏళ్ళు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి, ఊపిరితిత్తులు పాడై మంచం పట్టిన మనిషి. అది రెండు వేల పదకొండు, సకల జనుల సమ్మె రోజులు. భార్య శంకరవ్వ బియ్యం కోసం చందుర్తిలోని తల్లిగారింటికి బయల్దేరుతూ నాకు అప్పజెప్పింది.

"రేపు పొద్దుగూకేవరకు అస్త కొడుకా. గప్పటిదాంక ఇడిచిపెట్టి పోకు. ఒక్కడే ఉంటే ఆయనకు భయం."

"పోనవ్వా" అన్నాను. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, నా బతుకు అదే.

మర్నాడు రోడ్లన్నీ బంద్. ఆమె రాలేకపోయింది. దవాఖాన ఎదురుగా రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. తెలంగాణ రావాలని నాకూ ఉంది, కోరుట్లవాణ్ణి, ఎందుకుండదు? కానీ నన్ను లేపింది తెలంగాణ కాదు, బగారా అన్నం వాసన. ఎల్లేశం నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడికి వోతున్నవ్?"

"గిప్పుడే అస్త."

రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. జెండా పట్టుకుని ఫొటో దిగాను. తిరిగి వెళ్ళేసరికి నర్సు అతని ముఖం మీదికి దుప్పటి లాగుతోంది.

నివేదిక ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. రాశాను. పద్దెనిమిది నంబర్లు. నా కాగితంలో ఎల్లేశం తన తప్పులు ఒప్పుకున్నాడు. తమ్ముణ్ణి క్షమించాడు. బతికినన్నాళ్ళూ వేములవాడ రాజన్నకు తప్ప చేతులు జోడించని మనిషి చేత ప్రభువును పిలిపించాను. "ఇగ భయం లేదు" అనిపించాను. పోయినవాడు లేచొచ్చి కాదంటాడా? ప్రొఫెసర్ గారు దాన్ని క్లాసులో చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చెన్నై సీటు నాకే వచ్చింది. కోరుట్లలో మా అమ్మ పోశవ్వ చర్చిలో మిఠాయి పంచింది.

సమ్మె ముగిశాక శంకరవ్వ కూతురు రమను వెంటబెట్టుకుని సెమినరీకి వచ్చింది. ఆఖరి గడియలో పక్కన ఉన్నది నేనేనని ఆమె నమ్మకం. ప్రొఫెసర్ గారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నివేదిక మొత్తం చదివి వినిపించారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"గింతేనా?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నా పేరు ఎత్తలేదా, కొడుకా?"

పద్దెనిమిది మాటల్లో ఆమె లేదు. నా సీటుకు ఆమెతో పనిలేదు, అందుకే రాయలేదు. నేను అక్కడ లేనవ్వా, తిననీకి పోయిన అని నాలుక చివరి దాకా వచ్చింది. ప్రొఫెసర్ గారు నన్నే చూస్తున్నారు.

"ఎత్తిండవ్వా. శంకరి అచ్చిందా అని అడిగిండు. రాసుడు మరిచిన."

ఆమె ఏడుస్తూ నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. ఆ ముసలి కన్నీళ్ళు వేళ్ళ మధ్య నుంచి కారుతుంటే, ఇంత నీచుణ్ణి నేను ఎక్కడా చూడలేదనిపించింది.

"ఇంత మంచి మాట ఎలా వదిలేశావు, రాజమల్లూ?" అన్నారు ప్రొఫెసర్ గారు. "చెన్నైకి పంపే కాపీలో చేర్చు."

"మాకు గూడ ఒక కాగితం రాసిస్తవా అన్నా?" అంది రమ. "అవ్వకు దినాం సదివి ఇనిపిస్త."

అక్కడే, వాళ్ళ ముందే, బల్ల మీద కాగితం పెట్టుకుని రాశాను. పంతొమ్మిది, రోగి: శంకరి అచ్చిందా? నా ముఖం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది. దస్తూరి మాత్రం ఎప్పటికంటే గుండ్రంగా వచ్చింది.