ఒక వాక్యం ముందుగా

పార్టీ రాష్ట్ర కార్యాలయం రోజూ అక్క చేతులమీదుగానే తెరుచుకునేది. రెండంతస్తుల అద్దె భవనంలో పైవాటా అది. కింద కళ్ళజోళ్ళ దుకాణం. అక్క పొద్దున్నే వచ్చి కిటికీలు తీసి, నిన్నటి టీ గ్లాసులు కడిగి, ఆ రోజు పేపర్లు ముందేసుకుని పార్టీ గురించి ఎక్కడేం రాశారో కత్తిరించి ఫైల్లో పెట్టేది. చాలా రోజులు కత్తెరకు పని తగిలేది కాదు. దేశమంతటా పేరున్న పార్టీయే గాని ఈ రాష్ట్రంలో మాత్రం దూరపు చుట్టంలా బతికేది. భోజనానికి పిలుస్తారు, ఫొటో తీసేటప్పుడు మర్చిపోతారు.

ఏ పని చెయ్యాలన్నా పైనుంచి మాట రావాలి. పై అంటే దేశ రాజధానిలో ఉండే పెద్ద ఆఫీసు. జిల్లా కార్యదర్శిని మార్చాలన్నా వాళ్ళే చెప్పాలి, గోడకు సున్నం వేయించాలన్నా వాళ్ళే చెప్పాలి. కప్పు కారుతోంది, బాగు చేయించుకోమంటారా అని రాస్తే జవాబు వచ్చేసరికి వానాకాలం వెళ్ళిపోయింది. వాన మాత్రం ఎవరి అనుమతీ లేకుండానే పైనుంచి దిగేది. అక్క దాని కింద బకెట్టు పెట్టి, పక్కనే కూర్చుని జెండాలు మడత పెట్టుకునేది.

కాగితాల్లో ఆమె మహిళా విభాగం కార్యదర్శి. రాష్ట్ర అధ్యక్షుడి దగ్గర్నుంచి కారు డ్రైవరు దాకా అందరికీ అక్క. ఆమె అసలు పేరేమిటని అడిగితే సగంమంది నీళ్ళు నమిలేవాళ్ళు.

ఆ ఆఫీసుకి ముందుమాట అనే ఆవిడ కూడా వస్తుండేది. అది జనం పెట్టిన పేరు. ఆమె పని అనువాదం. పైనుంచి వచ్చే నాయకులకి ఇక్కడి భాష రాదు, ఇక్కడి జనానికి వాళ్ళ భాష రాదు. వాళ్ళొక వాక్యం అంటే పక్క మైకులో ఈమె దాన్ని మన భాషలో చెప్పాలి. ఎక్కడైనా జరిగేది అదే. ఇక్కడ మాత్రం ఈమె నాయకుడికంటే ఒక వాక్యం ముందు చెప్పేది. ఆయన అనబోయేదేదో ఈమె నోట్లోంచి ముందు వచ్చేసేది. తర్వాత ఆయన తాపీగా అదే మాట తన భాషలో అనేవాడు.

మొదటిసారి అలా జరిగింది కంగారులో. అప్పటికామె పంతులమ్మ. బడి మూతబడి ఇంట్లో కూర్చుంది. తల్లి ఆసుపత్రిలో ఉంది. పక్క మంచం మీదున్న కార్యకర్తను చూడ్డానికి వచ్చిన అక్క, తన క్యారేజీలో అన్నం సగం ఈ తల్లీకూతుళ్ళకి పెట్టింది. మర్నాడూ తెచ్చింది. ఆ తర్వాత, నువ్వు కాస్త ఇంటికెళ్ళి నిద్రపో, అమ్మ దగ్గర నేనుంటాలే అని తనే మంచం పక్క కూర్చుంది. మాటల్లో ఈ అమ్మాయికి రెండు భాషలూ వచ్చని తెలిసింది. ఆ వారంలోనే పార్టీ సభ ఉంది, అనువాదకుడి గొంతు పోయింది. అక్క ఈమె చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించింది.

ఆ కంగారులో, నాయకుడు నోరు తెరవకముందే ఈమె మొదలుపెట్టేసింది. "దారి పొడుగునా మీ రోడ్ల మీద గుంతలు చూశాను. మధ్యమధ్యలో కొంచెం రోడ్డు కూడా కనిపించింది" అంది. జనం గొల్లున నవ్వారు. నవ్వంతా అయిపోయాక నాయకుడు సరిగ్గా ఆ మాటే తన భాషలో అని, ఎవరూ నవ్వలేదేమిటా అని బిక్కమొహం వేశాడు.

కిందకి దిగాక అక్క ఆమెకి మంచినీళ్ళిచ్చింది. "కాస్త తొందరపడ్డావు. పర్లేదులే, తప్పు చెప్పలేదుగా" అంది.

దాని గురించి ఎవరైనా అన్నది అంతే. ఆ తర్వాత అందరూ అలవాటు పడిపోయారు. ఇక్కడ చప్పట్లు ముందే పడతాయి, కంగారు పడకండి అని వచ్చే నాయకులకి అధ్యక్షుడు ముందే కబురు పెట్టేవాడు. కొందరికి అది బాగా నచ్చింది కూడా. పని చెయ్యకముందే జీతం ముట్టినట్టుండేది. పత్రికలవాళ్ళు తొందరగా రాసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఇదెలా జరుగుతోందని ఆమెనెవరూ అడగలేదు. కూర బాగుంటే ఎలా చేశావని అడుగుతాం గాని, ఉప్పెందుకు ఉప్పగా ఉందని అడగం కదా.

నాలుక మీదకి వచ్చిన మాటను ఆమె ఎప్పుడూ మార్చలేదు. నాయకుడు పాచిపోయిన జోకు వెయ్యబోతున్నా, పాపం, ముందు తనే సిగ్గుపడుతూ వేసేది. సభలు ఎప్పుడో గాని ఉండేవి కావు. కానీ వాటివల్లే ఆమె పేరు నలుగురికీ తెలిసింది, మళ్ళీ ఒక బడిలో ఉద్యోగం దొరికింది. తల్లి కోలుకుని ఇంకొన్నేళ్ళు కూతురి చేతి అన్నం తిని వెళ్ళిపోయింది. నేను తింటున్న ప్రతి ముద్దలో అక్క పెట్టిన ముద్ద ఉంది అని ముందుమాట ఎవరితోనైనా మొహమాటం లేకుండా చెప్పేది.

ఎన్నికలు వచ్చాయి. అక్క ఉండే నియోజకవర్గానికి అభ్యర్థిని పెట్టాలి. వెనక కూడా తనని నిలబెట్టమని అక్క అడిగింది. అడిగిన ప్రతిసారీ పైనుంచి ఇంకెవరి పేరో వచ్చేది. "ఈసారికి కాదులే" అనుకుని, వచ్చినవాళ్ళ పోస్టర్లే అంటించేది. వాళ్ళు ఓడిపోతే వాళ్ళకంటే ముందు తనే ఏడ్చేది. ఈసారి మాత్రం రాష్ట్ర కమిటీ సమావేశంలో లేచి నిలబడి చెప్పింది.

"మోకాళ్ళు అరిగిపోతున్నాయి. వచ్చే ఎన్నికల నాటికి ఇల్లిల్లూ తిరగలేను. నేను నిలబడితే ఇదే ఆఖరు. నాకు నిలబడాలనుంది."

ఎవరూ కాదనలేదు. అధ్యక్షుడు కూడా తలూపాడు. కానీ ఆయనకి ఇంట్లో వేరే పోరుంది. ఆయన బావమరిదికి కార్ల షోరూం ఉంది, డబ్బుంది, ఇక హోదా ఒక్కటే తక్కువైంది. భార్య అన్నం వడ్డించినప్పుడల్లా, "మా తమ్ముడి సంగతేం చేశారు?" అని అడిగేది. తినే కంచం ముందు ఎంతకాలమని నోరు మూసుకుంటాడు? ఆయన రాజధానికి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. పెద్ద నాయకుడు సభకి వచ్చి అభ్యర్థి పేరు స్వయంగా ప్రకటిస్తాడని కబురొచ్చింది. ప్రకటించే అధికారం ఆయనదే.

ఆ తర్వాత ఒకరోజు బావమరిది మొట్టమొదటిసారి ఆఫీసు మెట్లెక్కాడు. ఆయాసపడుతూ కూర్చుని, జెండాలు మడత పెడుతున్న అక్కతో, "కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టమ్మా, సార్ ఎప్పుడొస్తారు?" అన్నాడు. అక్క నీళ్ళిచ్చింది, సార్ ఎప్పుడొస్తారో కూడా చెప్పింది. దాంతో అభ్యర్థి ఎవరో అందరికీ అర్థమైపోయింది.

సభకి ముందురోజు మధ్యాహ్నం అక్కా, ముందుమాటా కూర్చుని కార్యకర్తల బ్యాడ్జీలకి పిన్నీసులు గుచ్చుతున్నారు.

"అక్కా, ఒకటి చెప్తాను, తిట్టకు" అంది ముందుమాట.

"తిట్టేదైతే తిడతాను. చెప్పు."

"రేపు పేరు చెప్పే చోట నేను నీ పేరు చెప్పేస్తాను. నేనేది చెప్తే ఆయన అదే అంటాడని జనానికి తెలుసు. ఆకాశం అదిరేలా చప్పట్లు కొడతారు. అన్ని చప్పట్లు పడ్డాక కాదనే నాయకుడు ఇంకా పుట్టలేదు."

అక్క పిన్నీసు గుచ్చడం ఆపలేదు. "నా పేరు దానంతటది నీ నోటికొస్తే చెప్పు. రాకపోతే తేకు."

"నీకేం తెలీదు. నువ్వు చేసినదానికి నేను ఇంకెలా..."

"నేనేం చేశానే? రెండు ముద్దలు అన్నం పెట్టాను. దానికి నీ నోరు అమ్ముకుంటావా? నువ్వు అన్న మాట నిజమని నమ్మి అంతమంది ఎండలో కూర్చుంటారు. నాకోసం దాన్ని పాడుచేస్తే, రేపు నేను గెలిచినా నీ మొహం చూడలేను." తర్వాత కొంచెం మెత్తగా అంది. "ఆ బ్యాడ్జీలిటు తోసి టీ తాగు. చల్లారిపోతోంది."

ముందుమాట టీ తాగింది. ఆ రాత్రి ఆమెకి సరిగా నిద్రపట్టలేదు.

సభ ఊరి చివర మైదానంలో. ఎండ మండిపోతున్నా జనం బాగానే వచ్చారు. వాళ్ళలో చాలామంది అక్క ఇల్లిల్లూ తిరిగి పిలిచినవాళ్ళే. స్టేజీ మీద ఎప్పట్లాగే అక్కకి కుర్చీ లేదు. బావమరిది ముందు వరసలో కొత్త చొక్కాతో కూర్చున్నాడు. అధ్యక్షుడు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

పెద్ద నాయకుడు మాటకారి. ముందుమాట ఒక వాక్యం ముందు నడుస్తుంటే, చప్పట్లు ముందు అందుకుంటూ, మాట తర్వాత అంటూ, హాయిగా సాగిపోయాడు. ధరల గురించి అయింది, నీళ్ళ గురించి అయింది. అప్పుడు ముందుమాట నాలుక మీదకి ఆ వాక్యం వచ్చింది. బావమరిది పేరుతోనే వచ్చింది.

ఆమె ఆగింది. ఆ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టడం ఎంతసేపు? అక్క తనవైపు చూస్తుంటే బహుశా పెట్టేసేదే. కానీ అక్క ఎక్కడా కనబడలేదు. నిన్న మధ్యాహ్నం అక్క అన్న మాట మాత్రం చెవిలో ఉంది. ముందుమాట కళ్ళు దించుకుని, వచ్చిన వాక్యాన్ని వచ్చినట్టే చెప్పేసింది.

చప్పట్లు పడలేదు. అధ్యక్షుడొక్కడే నాలుగు కొట్టి, తన చప్పుడు తనకే వినబడి ఆపేశాడు. జనం అరవలేదు, లేచి వెళ్ళిపోలేదు. అక్క ఎక్కడుందా అని వెనక్కి తిరిగి వెతికారు. ముందు కొందరు తిరిగారు, వాళ్ళని చూసి పక్కవాళ్ళు తిరిగారు. చివరికి మైదానమంతా వెనక్కి తిరిగింది. అక్క అక్కడ, ఆలస్యంగా వచ్చిన ఒక ముసలామె కోసం కుర్చీ ఒకటి ఎత్తుకుని తీసుకెళ్తోంది.

పెద్ద నాయకుడు ఆ మాట తన భాషలో అనడానికి నోరు తెరిచాడు. ఇక్కడి భాష రాకపోయినా, పేరు ఏ భాషలోనైనా పేరే కదా, అది ఆయనకి వినబడింది. జీవితమంతా జనం మొహాలు చూస్తూ మాట్లాడిన మనిషి. అంతమంది వీపులు చూడ్డం ఆయనకదే మొదలు. తను ఇంకా అననైనా లేదు, అనగానే ఏమవుతుందో ముందే కళ్ళెదుట కనిపిస్తోంది. అంత అదృష్టం ఏ నాయకుడికి పడుతుంది? ఆయన నోరు మూసుకున్నాడు. మైకుకి చెయ్యి అడ్డం పెట్టి ముందుమాట వైపు వంగాడు.

"ఎవర్ని చూస్తున్నారు వీళ్ళంతా?"

"ఆవిడ్ని. కుర్చీ మోస్తున్న ఆవిడ్ని."

"పార్టీలో ఏం చేస్తుంది?"

ముందుమాటకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "మమ్మల్ని చూసుకుంటుందండీ" అంది.

ఆయన అధ్యక్షుడి వైపు తిరిగాడు. అధ్యక్షుడు ముందు వరసలోని కొత్త చొక్కాని చూశాడు, మైదానాన్ని చూశాడు, మళ్ళీ చేతిరుమాలు తీశాడు.

"ఈవిడ చెప్పింది నిజమేనండీ. నాకూ ఆ అక్కే దిక్కు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంట్లో నేను సర్ది చెప్పుకుంటాను" అన్నాడు.

పెద్ద నాయకుడు మైకు మీంచి చెయ్యి తీసి ఒక వాక్యం చెప్పాడు. ఆ వాక్యం ముందుమాట నాలుక మీదకి ముందు రాలేదు. లోకంలోని మిగతా అనువాదకులందరికీ వచ్చినట్టు చెవిలోంచి లోపలికి వచ్చింది. వింటుంటే ఇంత సుఖంగా ఉంటుందని ఆమెకి అన్నేళ్ళలో తెలియదు. ముందే తెలిసిపోయే మాటలతో బతికిన మనిషికి, తెలియని మంచిమాట ఒకటి ఇప్పుడు దొరికింది. జనం మళ్ళీ స్టేజీ వైపు తిరిగి, ఎన్నడూ లేనిది, ఆమె కోసం ఎదురుచూశారు.

"మన అభ్యర్థి" అని, మైకు దగ్గరికి జరిగి మళ్ళీ చెప్పింది. "మన అభ్యర్థి, అదిగో, వెనకాల కుర్చీ మోసుకెళ్తున్న ఆవిడ."

మైదానం ఒక్కసారిగా హోరెత్తింది. అక్క ఏమైందోనని అటూ ఇటూ చూసింది. చేతిలో కుర్చీ నేలమీద పెట్టి, కదలకుండా ఉందో లేదో చూసి, ముసలామెను జాగ్రత్తగా కూర్చోబెట్టింది. తర్వాత పక్కనున్నతన్ని అడిగింది.

"ఏమిటి బాబూ, ఎవరి పేరు చెప్పారు?"

"నీ పేరు చెప్పలేదక్కా. పాపం ఆయనకి తెలీదు. నిన్ను చూపించాడు."

అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్టేజీ మీద ముందుమాట ఇంకా మైకు పట్టుకునే ఉంది. అన్నేళ్ళలో ఆ మైకులో ఆమె సొంతమాట ఒక్కటీ మాట్లాడలేదు.

"ఇది ఆయనన్నది కాదు, నేనంటున్నాను" అంది. "అక్కా, మా అమ్మ మంచం పక్కన నువ్వు కూర్చున్నావు. ఆ రుణం నేను తీర్చుకోలేను, తీర్చుకోవాలని కూడా లేదు. ఒక్కసారి వచ్చి మా పక్కన కూర్చో."

జనం దారిచ్చారు. మోకాళ్ళు నొప్పి పెడుతుంటే అక్క మెల్లగా నడిచి వచ్చి, ఊతం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. స్టేజీ మీద ఖాళీ కుర్చీ లేదు. అధ్యక్షుడు లేచి తన కుర్చీ జరిపి, చేతిరుమాలుతో తుడిచి, వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.