గడ్డి కూరిన దూడ

దూడ చనిపోయి నెల అయింది. సంతోషమ్మ దాని తోలు ఒలిపించి, ఉప్పు రుద్ది ఎండబెట్టి, లోపల వరిగడ్డి కూరి గోనెదారంతో కుట్టించింది. పాలు పిండే ముందు దాన్ని తల్లి ఎనుము ముందు పెడుతుంది. ఎనుము వాసన చూసి, నాకి, పాలు చేపుతుంది. అది లేకపోతే చేపదు. నాలుగు పూటలు చేపకపోతే వట్టిపోతుంది. ఇంట్లో ఇంకో పాడి లేదు.

ఆ దూడను సంతోషమ్మ చెల్లెలి కూతురు ఆరాధన ఒకరోజు కర్నూలుకు తీసుకుపోయింది. ఆరాధన హైదరాబాదులో శిల్పకళ చదివింది. మనిషి జంతువును ఎట్లా నమ్మిస్తాడన్నది ఆమె ప్రదర్శన విషయం. తెల్లగోడల హాలు మధ్యలో దూడను నిలబెట్టింది. ఇంకేమీ పెట్టలేదు.

"పొద్దున పిండినాక తీస్కపోతా పెద్దమ్మా," అని ముందురోజే అడిగింది. "సాయంత్రం ఆరుకల్లా తెచ్చి ఈడ్నే పెడతా."

"బొమ్మలు చేసేదానికి చదివి, నేను చేయించిన బొమ్మ ఎత్కపోతాండావు," అంది సంతోషమ్మ. అని, ఇచ్చింది.

మధ్యాహ్నం రెండున్నరకు ఆరాధన భోంచేసి వచ్చేసరికి హాలంతా మందు వాసన. హాలు చూసుకునే భూపేష్ చేతిలో దోమలమందు డబ్బా ఉంది.

"ఈగలు ముసురుతాండాయి మేడమ్. పెద్దోళ్లు వస్తారంట కదా, కొట్టినా."

"దీని మీద కూడానా?"

"ఈగలన్నీ దాని మీదనే కదా మేడమ్ ఉండేది."

ఆరాధన తడిగుడ్డతో ఐదుసార్లు తుడిచింది. వాసన పోలేదు. మూడున్నరకు ఆత్మకూరు బస్సెక్కింది. దూడను ఒడిలో పెట్టుకుంది. పక్కసీటు ఆయన ముక్కు మూసుకుని లేచిపోయాడు. పెద్దమ్మకు చెప్పాలా వద్దా అన్నది దిగేదాకా తేలలేదు. చెప్పకపోతే ఎనుము ఆ మందు నాకుతుంది. చెప్తే ఆ పూట ఎనుము ముందు పెట్టడానికి దూడ ఉండదు.

ఇల్లు చేరేసరికి ఆరున్నర. ఎనుము గుంజ చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. పొదుగు బిగిసి ఉంది.

"ఇంతసేపా పాపా? తే ఇట్ల," అని సంతోషమ్మ దూడను లాక్కుని ఎనుము ముందు పెట్టింది. ఎనుము మెడ చాచింది.

"నాకనియ్యాకు పెద్దమ్మా! మందు కొట్టినారు దానికి."

సంతోషమ్మ దూడను వెనక్కి లాగింది. వాసన చూసింది.

"ఎప్పుడు కొట్టినారు?"

"మద్యాన్నం."

"ఫోన్లో ఒక మాట చెప్పకపోతివే! ఇంకో ఏర్పాటు చూస్కునేదాన్ని."

సంతోషమ్మ కొడవలితో దూడ పొట్ట కింద కుట్లు తెంపింది. గడ్డి లాగేసింది. తోలును లోపలివైపు బయటికి వచ్చేలా తిరగేసింది. కళ్లు, చెవులు, వెంట్రుకలు లోపలికి పోయాయి. మందు తగలని, ఉప్పు రుద్దిన వైపు బయటపడింది. అది ఇప్పుడు దూడలా లేదు. చేతులు కడుక్కుని, కొత్త గడ్డి కూరి ఆరాధన చేతికిచ్చింది.

"కుట్టను టయిం లేదు. ఎనుము మూతి కాడ పట్టుకో. కదిలియ్యాకు."

ఆరాధన మోకాళ్ల మీద కూర్చుంది. ఎనుము వాసన చూసి మొహం తిప్పుకుంది. మళ్లీ చూసింది. సంతోషమ్మ చనుకట్లు నిమురుతూ ఉంది. ఏమీ రాలేదు.

కొంతసేపటికి ఎనుము తోలును నాకడం మొదలుపెట్టింది. ఆరాధన మణికట్టును కూడా నాకింది. గిన్నెలో పాలు పడిన చప్పుడు వినిపించింది. సగం గిన్నె నిండాక ఆగిపోయింది. ఎప్పుడూ నిండేది.

"పొద్దున ఎంతిస్తాదో," అంది సంతోషమ్మ. "నువ్వు ఈ పూట మీ ఊరు పోవాకు. పొద్దున పట్టుకోవాల."