బావ పెట్టిన తనిఖీ

మా బావకి తనంటే ఎంత గౌరవమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఆయన రాసిన ప్రోగ్రాములో ఎవరైనా తప్పు పట్టుకుంటే దాన్ని తప్పు అనడు, సందేహం అంటాడు. సందేహమంటే అడిగినవాళ్ళది కదా, ఆయనది కాదు.

బ్రౌజర్లో వీడియోలు ఆడించే ప్లగిన్ మా కంపెనీ సరుకు. అది రాసే జట్టుకి బావ పెద్ద. పరీక్షించే పని నాది. అక్క మొగుడే పైఅధికారి కావడం పగవాళ్ళకి కూడా వద్దు.

ఈసారి నాకు దొరికింది చిన్న విషయం కాదు. ప్రతి వీడియో ఫైలూ మొదట్లోనే తన బొమ్మ వెడల్పెంతో, ఎత్తెంతో చెబుతుంది. ప్లగిన్ ఆ రెండింటినీ గుణించి మెమరీలో అంత చోటు తీసుకుంటుంది. ఆ లబ్ధాన్ని ఉంచే గడికి ఒక హద్దుంది. అది దాటితే, పాత స్కూటరు మీటరులా, అంకె గిర్రున తిరిగి మళ్ళీ సున్నా దగ్గరికొస్తుంది. అప్పుడు ప్లగిన్ చారెడు చోటు తీసుకుని, అందులో చెరువంత బొమ్మ కుమ్మరిస్తుంది. పొర్లి పక్కకి పోయినదాంట్లో, ఫైలు పంపినవాడు తన ఆజ్ఞలు దాచిపెట్టొచ్చు. కంప్యూటరు వాటిని బుద్ధిగా పాటిస్తుంది. ఒక్క వీడియో తెరిస్తే చాలు, యంత్రం వాడి చేతుల్లోకి పోతుంది.

నేను చెబుతున్నంతసేపూ బావ గోళ్ళు చూసుకున్నాడు.

"తనిఖీ పెట్టాను కదమ్మా మరదలా. సైజు మరీ పెద్దదైతే ఫైలుని తిప్పికొడుతుంది."

"నువ్వు గుణించాక తనిఖీ చేస్తున్నావు బావా. అప్పటికే అంకె తిరిగిపోయి చిన్నదైపోతోంది. నీ తనిఖీకి కనిపించేది ఆ చిన్నదే."

"అసలు అంత పెద్ద వీడియో ఎవడు తీస్తాడు చెప్పు?"

"చూసుకోడానికైతే ఎవడూ తీయడు. దొంగ తయారుచేస్తాడు."

"నీకు అనుమానం ఎక్కువ. అచ్చం మీ నాన్న పోలిక," అన్నాడు. జట్టంతా నవ్వింది. బావ తుమ్మినా నవ్వే జట్టు అది.

మర్నాడు సరిచేశానని ప్రకటించాడు. ఏం చేశాడా అని చూద్దును కదా, లబ్ధాన్ని పెద్ద గడిలోకి మార్చాడు. గుణకారం మాత్రం పాత చిన్న గడిలోనే జరుగుతోంది. అంటే అంకె ముందు శుభ్రంగా పాడైపోయి, ఆ తర్వాత విశాలమైన కొత్త ఇంట్లో కాపురం పెడుతోంది! నా పరీక్ష ఫైలు ప్లగిన్‌ని మళ్ళీ పడగొట్టింది. ఆ సంగతి రాసి పంపితే "పరిష్కరించాం" అని నా ఫిర్యాదుని మూసేశాడు. కొత్త ప్లగిన్ బయటికి వెళ్ళిపోయింది.

ఇదంతా ఆఫీసు గోలే అయితే నేనూ విసుక్కుని ఊరుకునేదాన్నేమో. కానీ అక్క పనిచేసే చోట కూడా అదే ప్లగిన్. గొప్పకి పోయి బావే స్వయంగా వెళ్ళి ఎక్కించాడు. మొగుళ్ళ దెబ్బలు తప్పించుకుని వచ్చిన ఆడవాళ్ళకి అక్కడివాళ్ళు తలదాచుకునే చోటు చూపిస్తారు. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో అంతా అక్క కంప్యూటర్లోనే ఉంటుంది. సాక్ష్యాలంటూ ఎవరెవరో వీడియోలు పంపుతుంటారు, వచ్చినవన్నీ అక్క తెరిచి చూడాలి. పెళ్ళాం ఎక్కడ దాక్కుందా అని తిరిగేవాడికి ఇంతకంటే ఏం కావాలి? నాకు ఒళ్ళు మండింది, భయం కూడా వేసింది.

ఆ మధ్యాహ్నమే అక్క దగ్గరికి వెళ్ళాను. ఇరుకు గది, ఒక బల్ల, తలుపుకి రెండు గడియలు. వెనక వంటగదిలో, కొత్తగా అక్కడికి చేరినావిడ ఒకామె. నా మాట విని అక్క అప్పటికప్పుడు బావని పిలిపించింది. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"నీ చెల్లెలికి పని తక్కువ, నోరెక్కువ," అన్నాడు. "అంతా భద్రంగా ఉంది."

"మా వంటగదిలో ఉన్నావిడ మొగుడు ఊరంతా వెతుకుతున్నాడండీ. ఏం కాదని ఒట్టేసి చెప్పండి."

"నా మీద నమ్మకం లేదా నీకు?"

నేను పరీక్ష ఫైలున్న పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాను. "అయితే నీ లాప్‌టాప్‌లో తెరువు బావా. అందులోనూ కొత్త ప్లగినే ఉందిగా."

"ఇందులో ఏం రాశావు?"

"భద్రమే అన్నావుగా. ఏం రాస్తే ఏం?"

బావ చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. లాప్‌టాప్‌ని చంకలోంచి ఒళ్ళోకి మార్చుకున్నాడు. "దీంట్లో ఆఫీసు పనుంది, పోతే మళ్ళీ రాదు. కావాలంటే నీ దాంట్లో తెరిచి చూపిస్తాను," అంటూ అక్క కంప్యూటరు వైపు తిరిగాడు.

ఆ మనిషి మీద అప్పటిదాకా ఏ మూలో మిగిలిన కాస్త గౌరవమూ నాకు అక్కడితో పోయింది.

అక్క లేచి కంప్యూటరు వెనక ఇంటర్నెట్ తీగ పీకేసింది. "మీ దాంట్లో పనుంది. నా దాంట్లో మనుషులున్నారు," అంది. "మీరు ఎక్కించింది మీ చేత్తోనే తీసేయండి."

బావ గొణుక్కుంటూ తీసేశాడు. "అయిపోయింది. ఇప్పటికైనా సంతోషమేనా?"

"ఇన్నాళ్ళలో ఎవడైనా ఇందులోకి చొరబడి చూసి వెళ్ళాడో లేదో చెప్పగలరా?"

బావ లాప్‌టాప్‌ని మళ్ళీ చంకలోకి ఎత్తుకున్నాడు.

"మరి ఏం అయిపోయిందండీ? నేను వాళ్ళందర్నీ ఇళ్ళు మార్చాలి," అంది అక్క. వంటగదిలో ఉన్నావిడని సంచి సర్దుకోమని చెప్పడానికి వెళ్ళింది.