నొప్పికి నా మార్కులు

నా కిడ్నీలోని రాయిని, వీపులో చిన్న రంధ్రం చేసి, నలగ్గొట్టి తీశారు. మత్తు డాక్టరుది మా అమ్మాయి వయసే. వెన్ను పక్కన, నరాల దగ్గర దారమంత గొట్టం అమర్చింది. అందులోంచి మందు పంపితే ఆ నరాలు నొప్పి కబురు మెదడుకు చేరవేయవట. చాడీలు చెప్పేవాళ్ళ నోరు మూయించడానికి ఇంత మర్యాదైన పద్ధతి నేనెక్కడా చూడలేదు.

మధ్యాహ్నానికి మందు ప్రభావం తగ్గింది. నర్సమ్మ గంటకోసారి వచ్చి, నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తారని అడిగేది. నాలుగు దాటితే గొట్టంలో మళ్ళీ మందు వేస్తారు. నేనేమో కాలేజీలో ముప్పై ఏళ్ళు లెక్కల పేపర్లు దిద్దినవాణ్ణి. ధారాళంగా మార్కులేయడం నా చేతికి అలవాటు లేదు. వీపులో గునపం దిగుతున్నట్టే ఉంది. అయినా లోకంలో ఇంతకంటే పెద్ద నొప్పులుంటాయి కదా అని ఆలోచించి, రెండన్నాను. తర్వాతి గంటకు ఉదారంగా రెండున్నర.

సాయంత్రం ఆ మత్తు డాక్టరు వచ్చి, చార్టు చూసి, ఇంత తక్కువ నొప్పికి గొట్టమెందుకు, తీసేద్దామంది. వద్దని చెబుదామనుకున్నాను. కానీ వేసిన మార్కు దిద్దుకోవడం నామోషీ. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఏ డాక్టరు దగ్గరైనా నా జబ్బు గురించి తనే చెప్పేది, కాస్త ఉప్పూ కారం చేర్చి. ఆమె పోయాక ఆ పోస్టు ఖాళీగానే ఉంది.

మంచం పక్కనే ఉన్న మా అమ్మాయి అందుకుంది. "ఆయన మాట నమ్మకండి మేడమ్. చిన్నప్పుడు నేను లెక్కలన్నీ కరెక్టుగా చేస్తే పదికి ఆరు వేసిన మనిషి. ఇదేంటి నాన్నా అంటే, చేతిరాత బాగాలేదన్నారు."

డాక్టరు నవ్వలేదు. నన్నొకసారి దగ్గమంది. దగ్గబోయి, సగంలోనే మంచం ఊచ పట్టుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సార్, పరీక్ష రాస్తున్నది మీరు. పేపరు నన్ను దిద్దనివ్వండి," అంటూ చార్టులో ఎనిమిది వేసింది.

మందెక్కిన పావుగంటకు నా వీపు ఎవరిదో అయిపోయింది. నిండా ఊపిరి పీల్చాను. పొద్దుటినుంచీ సగం ఊపిరితో నెట్టుకొచ్చానని అప్పుడే తెలిసింది.

నర్సమ్మ మళ్ళీ వచ్చి అడిగింది. నిజానికి సున్నా. ఆ మాటంటే గొట్టం పీకేస్తారేమోనని భయమేసింది.

"మూడు వేసుకోమ్మా," అన్నాను.

అమ్మాయి ఏదో అనబోయి, నా ముఖం చూసి, కిటికీ తలుపు వేసే నెపంతో అటు తిరిగింది.