నోట్లో గుడ్లున్న జెల్ల

సిద్దికాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఏడాదిన్నర కూతురు షిరీన్ తిండి లేక చిక్కిపోయి తనకు దక్కకుండా పోతుందేమోనని. పొద్దున కలిపిన పాలన్నం సాయంత్రానికీ గిన్నెలో అలాగే ఉంటుంది. పిల్ల జబ్బ పట్టుకుని చూసుకోవడం ఆమెకు రోజూ ఒక పని.

చిలకలూరిపేట దగ్గర మిరప చేల మధ్య పెరిగింది సిద్దికా. తొమ్మిదో తరగతిలో బడి మానిపించి చీరాల ఇచ్చారు. మామగారు మాబు మార్కెట్లో చేపలమ్ముతాడు. ఆమె పిల్లను వెంట తెచ్చుకుని, పక్కనే కత్తిపీట వేసుకుని కోసిస్తుంది. ఉప్పునీటి కయ్యల్లో అడుగు బురదలో తిరిగే జెల్ల చేపలంటే మొదట్లో కంపరం. పోనుపోను, పొట్ట కోసినప్పుడల్లా లోపలేముందో చూడటం అలవాటైంది. పీత కాళ్ళు, రొయ్య పొట్టు, బురద పురుగులు, నత్త గుల్లలు.

"ఆ చీకట్లో దీనికి ఇవన్నీ ఎట్లా కనపడతాయి మామా?"

"కనపడేదేముంది. మీసాలతో తడిమి రుచి చూసుద్ది. నీ కూతురిలా మూతి తిప్పుకోదు, దొరికిందల్లా మింగుద్ది."

ఆ మధ్యాహ్నం కోసిన జెల్లకు తల పెద్దది, ఒళ్ళు సన్నం. పొట్ట ఉతికి ఆరేసిన సంచిలా ఉంది, లోపల ఏమీ లేదు. నోరు తెరిస్తే గోళీలంత గుడ్లు, పసుప్పచ్చగా మెరుస్తూ. ఒకదానిలో రెండు నల్లటి చుక్కలు. కళ్ళు.

"మగది," అన్నాడు మాబు తొంగిచూసి. "ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోద్ది. ఇది నోట్లో పెట్టుకుని తిరుగుద్ది, పిల్లలయ్యేదాకా."

"మరి తిండి?"

"నోరు ఖాళీ ఉంటేగా."

సిద్దికా చేతులు ఆగిపోయాయి. పీతల్ని నమిలే నోరు. అదే నోట్లో, పళ్ళ పక్కనే ఇన్ని ప్రాణాలు. ఎవరూ చూడని ఆ అడుగున, వారాల తరబడి, ఒక్కటీ మింగకుండా.

"అమ్మాయ్, కోస్తావా, పూజ చేస్తావా?" అంది బేరానికొచ్చిన ఆదెమ్మ.

సిద్దికా తలెత్తింది. ఆదెమ్మ వెనక నీడకు చేరిన మాబు మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన డబ్బాలోని పులుసన్నం ముద్దలు పెడుతున్నాడు. పిల్ల ఆబగా తింటోంది. ఆఖరి మెతుకు కూడా దానికే. తర్వాత డబ్బా కడిగి, షుగరు మాత్ర వేసుకుని నీళ్ళు తాగాడు.

"తిన్నావా మామా?"

"ఇప్పుడేగా. డబ్బా చూడు."

రోజూ ఖాళీగా ఇంటికొచ్చే డబ్బా. ఈమధ్య వదులైన చొక్కా. కళ్ళు తిరుగుతున్నాయని అతనంటే ఎండకనుకుంది. పిల్ల తింటోందని సంతోషించబోయిన సిద్దికా కత్తిపీట ముందు నుంచి లేచింది.

"ఎన్నాళ్ళ నుంచి మామా ఇది?"

మాబు మూత బిగించాడు. "పాలన్నం దానికి సయించదే. చెబితే నీకింకో దిగులు. రాత్రికి తింటాగా నేను."

మర్నాటి నుంచి సిద్దికా రెండు డబ్బాలు కడుతోంది, మొదటిది పిల్లకు, రెండోది మామకు. అయినా మధ్యాహ్నం బేరాల్లో ఆమెకు తలెత్తే తీరిక ఉండదు. మీరెప్పుడైనా ఆ వేళకు చీరాల చేపల మార్కెట్‌కు వెళితే, జెల్లలు కొన్నా కొనకపోయినా, మాబు దగ్గర ఒక్క నిమిషం ఆగి రెండో డబ్బా మూత తీయించి చూడండి. తిన్నానంటే మాత్రం నమ్మకండి.